వేయించని సూది

కొండమ్మకి సంతకం వచ్చు. కర్లపాలెం దగ్గర ఆ పల్లెలో ఆమె ఈడు ఆడవాళ్లలో సంతకం వచ్చినవాళ్లు నలుగురో ఐదుగురో, అంతే. వయోజన విద్య అని ఎవరో వచ్చి నాలుగు నెలలు చెప్పి వెళ్లిపోయారు. నేర్చుకున్న అక్షరాలన్నీ నాట్ల బురదలో కలిసిపోయినా తన పేరు మాత్రం ఆమె చేతిలో ఉండిపోయింది. చివరి అక్షరం కింద వత్తు పెట్టేటప్పుడు నాలిక కొస బయటపెట్టేది. రేషను షాపులో అందరూ బొటనవేలు చాపుతుంటే ఆమె మాత్రం, "కలం ఇటియ్యండి," అనేది. గర్వమని చెప్పుకోడానికి ఆమెకున్నది అదొక్కటే.

ఆ ఒక్క సంతకం ఒక మంచి మనిషి నోటికాడ కూడు లాగేయబోయింది.

కొండమ్మది పెనుమూడి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగింది. పదహారేళ్లకి బాబూరావుకిచ్చి చేశారు. బాబూరావు ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు తోలేవాడు. తాగుడు లేదు. నోరు పెద్దదే కానీ చెయ్యి లేచేది కాదు. ఆదివారం ఏసు గుడికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి మగాళ్ల వైపు ముందు చాప మీద కూర్చునేవాడు. రెండు కడుపులు నిలవకుండా పోయాక, పెళ్లయిన ఏడేళ్లకి వాళ్లకి ఎజ్రా పుట్టాడు. ఆ పిల్లవాడిని నేల మీద దించడానికి కూడా ఇద్దరికీ మనసొప్పేది కాదు.

బాబూరావుకి సూదిమందంటే గట్టి నమ్మకం. అతని అన్న కాలికి కొడవలి తగిలి, సూది పడక ధనుర్వాతంతో పోయాడు. మంచం మీద విల్లులాగా వంగిపోయిన అన్న పక్కన పదేళ్ల బాబూరావు రెండు రోజులు కూర్చున్నాడు. అందుకే ఎజ్రా పుట్టిన వారం నుంచే మొదలుపెట్టాడు.

"ఏమే, నర్సమ్మ వచ్చినప్పుడు బిడ్డకి మూడు సూదులూ పడాలి. ఒక్కటి తప్పినా నేను ఊరుకోను."

"పడతాయిలేవయ్యా, నీ గోలేంటి."

వేయించేదే. నిజంగానే వేయించేదే. బిడ్డకి ఏడాది కావస్తున్నా ఆ పల్లెకి సూదులేసే నర్సమ్మ రావడం ఇంకా మొదలుకాలేదు. కానీ ఎనభై ఏడు వేసవిలో బిడ్డని చూపించుకోడానికి పుట్టింటికి వెళ్లి తిరిగొస్తూ రేపల్లెలో బస్సు కోసం ఆగింది. అక్కడ సభ జరుగుతోంది.

మాట్లాడుతున్నాయన తెనాలి బసవేశ్వరరావు. ఆ రోజుల్లో తెనాలి నుంచి రేపల్లె దాకా ఆ పేరు తెలియని టీ కొట్టు లేదు. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడంట. ఎలక్షన్లో నిలబడి ఓడిపోయాక 'ప్రజాశంఖం' అని ఒక వారపత్రిక పెట్టాడు. ఎరువు బస్తాలో నిజంగా ఏముందో, రేడియోలో వానల సంగతి ఎందుకు తప్పు చెబుతారో, కొళాయి నీళ్లలో ఏం కలుపుతారో, అన్నీ ఆయనకే తెలుసు. ఎక్కడో కూర్చున్న నలుగురు గొప్పవాళ్లు మన గుంటూరు జిల్లాని మట్టుపెట్టడం కోసమే పొద్దున్నే నిద్ర లేస్తున్నట్టు చెప్పేవాడు. అరిచేవాడు కాదు. అదే ఆయన కిటుకు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు.

"అమ్మల్లారా, మీ ఇంటికి సూది పట్టుకుని వస్తున్నారు. ఎవరికోసం వస్తున్నారు? మొన్న ఎమర్జెన్సీలో మగాళ్లని లారీలెక్కించి ఏం చేశారో మర్చిపోయారా? ఆ పని పూర్తి కాలేదమ్మా. ఇప్పుడు పిల్లల మీద పడ్డారు. మీ బాబు పెరుగుతాడు, మీసాలొస్తాయి, పెళ్లవుతుంది. మీ చేతిలోకి మనవడు మాత్రం రాడు. రుజువేదయ్యా అని అడిగేవాళ్లున్నారు. రుజువు దొరక్కుండా దాచేశారు చూడండి, అంతకన్నా రుజువేం కావాలి?"

జనం చప్పట్లు కొట్టారు. కొండమ్మ కొట్టలేదు, చంకలో ఎజ్రా నిద్రపోతున్నాడు. కానీ ఆ మాట తిన్నగా పోయి తగలాల్సిన చోట తగిలింది. ఎందుకంటే ఆమె మేనమామని ఎమర్జెన్సీలో నిజంగానే లారీ ఎక్కించి తీసుకుపోయి ఆపరేషను చేసి పంపారు. అప్పటికి ఆయనకి పెళ్లి కూడా కాలేదు. ఆ తర్వాత ఆయనకి ఎవరూ పిల్లనివ్వలేదు, పెనుమూడి రేవులో ఒంటరిగానే మిగిలిపోయాడు. ఒక నిజం ముక్క పట్టుకుని దాని చుట్టూ అబద్ధం చుట్టేవాడిని ఏమనాలి? అన్నం ముద్దలో పురుగుని పెట్టి తినిపించేవాడు కూడా వాడికన్నా నయం.

ఆ వేసవి దాటాక బుధవారాలు నర్సమ్మ రావడం మొదలైంది. పేరు ప్రేమకుమారి. బాపట్ల పిల్ల. చిన్నప్పుడే తండ్రి పోతే బోర్డింగులో ఉండి చదువుకుంది. భుజాన ఐసు డబ్బా, చేతిలో గొడుగు, చంకలో రిజిస్టరు, మోకాళ్ల దాకా దుమ్ము. పల్లెలో ఎవరింటికెళ్లినా ముందు మంచినీళ్లడిగేది, తర్వాత పిల్లల్ని అడిగేది.

"ఏది కొండమ్మా, మీవాడు?"

"పెనుమూడిలో ఉన్నాడండి. మా అమ్మ పంపించలేదు."

ఎజ్రా ఇంటెనక దడి చాటున కూర్చుని ఉన్నాడు. అరవకుండా నోట్లో బెల్లంముక్క పెట్టి కూర్చోబెట్టింది. సాయంత్రం బాబూరావు వచ్చేసరికి పిల్లవాడి తొడకి పసుపూ ఉప్పూ కాపడం పెట్టి గుడ్డ కట్టింది. సూది వేసిన చోట వాస్తుందని, అట్లా కాపడం పెడతారని అందరికీ తెలుసు.

"పడిందా?" అన్నాడు బాబూరావు.

"పడింది."

"ఏడ్చాడా?"

"ఏడవడూ మరి?"

ఇట్లా మూడుసార్లు. మూడు గుడ్డలు, మూడు అబద్ధాలు. మొగుణ్ని మోసం చేస్తున్నానన్న బాధ ఆమెకి లేకపోలేదు. కానీ బిడ్డని కాపాడుకుంటున్నానన్న ధైర్యం దానికన్నా పెద్దది. తల్లికి ఆ ధైర్యం అరువిచ్చినవాడు తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని ఇంకో వ్యాసం రాసుకుంటున్నాడు.

ఎనభై ఎనిమిది డిసెంబరులో, క్రిస్మస్‌కి పది రోజులుందనగా, ఎజ్రాకి గొంతు నొప్పి మొదలైంది. మూడో రోజుకి మెడ వాచిపోయింది. బాపట్లలో డాక్టరు దీపం వేసి గొంతులోకి చూసి, లోపల బూడిదరంగు పొర కట్టిందని, ఇది డిఫ్తీరియా, కంఠసర్పి అని, క్షణం ఆగకుండా గుంటూరు తీసుకుపొమ్మని చెప్పాడు. బస్సు పొన్నూరు దాటింది. చేబ్రోలు రాకముందే కొండమ్మ ఒడిలో పిల్లవాడు ఊపిరి కోసం పెనుగులాడటం మానేశాడు. రెండున్నరేళ్లు.

అంతకుముందు, వాళ్లు బస్సెక్కకముందు, బాపట్ల డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. "టీకాలు వేయించారా?" కొండమ్మ నోరు తెరిచేలోపే బాబూరావు చెప్పాడు, "మూడూ వేయించామండి." డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "వేయిస్తే ఇంతదాకా రాదే," అన్నాడు. ఆ మాటని మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో రకంగా మోసుకుని ఇంటికొచ్చారు.

బాబూరావు పిచ్చివాడిలా అయిపోయాడు. వేయించినా ఎందుకు పోయాడు? మందులో ఏముంది? ఆ నర్సమ్మ ఏం వేసింది? రోజంతా అదే మాట. ఆ మాట ట్రాక్టరుతోపాటు నాలుగూళ్లు తిరిగింది. తిరిగి తిరిగి తెనాలి చేరింది. మూడో వారానికి ప్రజాశంఖం జీపు పల్లెలోకి వచ్చింది.

జీపులోంచి దిగిన ఇద్దరు కుర్రాళ్లు ఎజ్రా గురించి ఎంతో మర్యాదగా అడిగారు. ఒకడు కళ్లు కూడా తుడుచుకున్నాడు. తర్వాత తెల్లకాయితం ఒకటి తీసి కింద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. పైన మా సారు రాసుకుంటారు. న్యాయం జరిగేట్టు చూస్తారు."

తెల్లకాయితం మీద సంతకం పెట్టడం ఆ పల్లెలో కొత్త కాదు. బోరింగు కావాలన్నా, ఇళ్ల స్థలాలు కావాలన్నా, అర్జీ అంటే అదే పద్ధతి. సంతకాలూ వేలిముద్రలూ వీళ్లవి, రాత తెలిసినవాళ్లది. బాబూరావు పెట్టాడు. కలం కొండమ్మకి ఇచ్చాడు. ఆమె కలం వంక చూసింది, మొగుడి మొహం వంక చూసింది. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని అడుగుతాడు. పెట్టేసింది. ఆ రోజు నాలిక కొస బయటికి రాలేదు.

వారం తర్వాత ప్రేమకుమారి వచ్చింది. బుధవారం కాదు. ఐసు డబ్బా లేదు, గొడుగు లేదు. చేతిలో ప్రజాశంఖం. బాబూరావు వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు, లేవలేదు. ఆమె నిలబడే చదివింది.

"'నా పేరు కొండమ్మ. నర్సు ప్రేమకుమారి నా బిడ్డకి మూడుసార్లు విషం ఎక్కించింది. వద్దని కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఇది ఎవరు పంపిన మందో ప్రభుత్వం చెప్పాలి.' కింద నీ సంతకం అచ్చు వేశారు కొండమ్మా. నీదేనా?"

"నాదే," అంది కొండమ్మ, వినీ వినపడకుండా.

"నన్ను పనిలోంచి ఆపారు. ఎంక్వైరీ అంట. నా రిజిస్టరులో మీ ఎజ్రా పేరు పక్కన మూడుసార్లూ 'ఊళ్లో లేడు' అని నేనే రాసుకున్నా. అది చూపించా. చూపిస్తే తెనాలాయన ఏమన్నాడో తెలుసా? పిల్లవాడు పోయాక రిజిస్టరు మార్చేశారంట. రిజిస్టరులో రాత ఉంటే ఒక నేరం, లేకపోతే రెండు నేరాలు. ఇంక నేనేం చూపించాలి?" ఆమె చేతిలోని పత్రిక దించింది. "నువ్వు చెప్పు. నేను ఏ బుధవారం వేశాను మీవాడికి?"

కొండమ్మ చూపు ఇంటెనక దడి వైపు పోయింది.

బాబూరావు మంచం మీద నుంచే, "వెళ్లవమ్మా, వెళ్లు. వేసినప్పుడల్లా వాడి తొడకి కాపడం పెట్టింది మా ఆడదే. ఉత్తినే పెట్టిందా?" అన్నాడు.

ప్రేమకుమారి కొండమ్మ వైపు చూసింది. ఆ చూపులో అంతా తెలిసిపోయిన జాడ ఉంది. తెలిసీ, మొగుడి ముందు బయటపెట్టకుండా కాయితం మడుచుకుని వెళ్లిపోయింది. తన కూడు పోతున్నా సరే, ఎదుటిదాని కాపురం మీద చెయ్యి వేయలేదు. కొండమ్మని నిలువునా కోసింది అదే.

ఆ నెలలో చుట్టుపక్కల పది ఊళ్లలో నర్సమ్మలకి తలుపులు మూసేశారు. "కొండమ్మ కొడుక్కి ఏమైందో చూశాం తల్లీ, పో," అని ఆడవాళ్లు చెబుతున్నారంట. ఆ మాట కొండమ్మ చెవిన పడింది. తన అబద్ధం తన గడప దాటి వేరేవాళ్ల పిల్లల మీదికి పోయింది.

వదినకి బాలేదని చెప్పి ఒకరోజు పొద్దున్నే బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్లింది. బసవేశ్వరరావు ఇల్లు ఎవరినడిగినా చెప్పారు. ఆయన పూజలో ఉన్నాడు. భార్య జయలక్ష్మమ్మ కొండమ్మని వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. చేతుల్లేని గౌను వేసుకుని ఒక ఐదేళ్ల పిల్ల స్తంభం చుట్టూ తిరుగుతోంది, ఆయన మనవరాలు. ఆ పిల్ల ఎడమ జబ్బ మీద గుండ్రంగా టీకా మచ్చ. కొండమ్మ కళ్లు దాని మీదే ఉండిపోయాయి.

"ఈ పాపకి సూదులు వేయించారా అమ్మగారూ?"

"వేయించకుండా ఎట్లా ఉంటామమ్మా? నెల తిరక్కుండానే మా డాక్టరుగారింటికి తీసుకెళ్లాం. అన్నీ వేయించాం."

"మరి అయ్యగారు సభల్లో..."

జయలక్ష్మమ్మ నవ్వింది. చెడ్డ నవ్వు కూడా కాదు, వంకాయలు బేరమాడేటప్పుడు నవ్వే నవ్వు. "అవి సభల్లో మాటలమ్మా. ఇంట్లో పిల్లల సంగతి నేను చూసుకుంటాను. ఆయన అడ్డం రారు."

కొండమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. రెండున్నరేళ్ల ఎజ్రా జబ్బ ఆమెకి గుర్తే. నున్నగా, ఏ మచ్చా లేకుండా మట్టిలోకి పోయింది.

బసవేశ్వరరావు వచ్చాడు. విబూది, సెంటు వాసన. ఎవరో తెలిశాక చేతులు జోడించాడు. "తల్లీ, నువ్వా! నీ కన్నీళ్లు వృథా పోవు."

"అయ్యా, నా బిడ్డకి సూది వేయలేదండి. నేనే దాచిపెట్టాను. రేపల్లెలో మీ మాటలిని దాచిపెట్టాను. ఆ నర్సమ్మ వేలు కూడా వాడి మీద పడలేదు. ఆ రాసిందేదో తీసేయండయ్యా."

ఆయన మొహం మీద చీమ పాకినంత కూడా కదలిక లేదు. ఏమైనా బాధపడతాడేమో అనుకుని ఆమె ఎదురుచూసింది. ఆయన మాటలిని ఒక పిల్లవాడు పోయాడు కదా. ఒక్క క్షణమన్నా.

"ఎవరు నేర్పారమ్మా నీకీ మాట?" అన్నాడు చివరికి. "రేపల్లె రంగనాయకులా?"

"ఎవరూ నేర్పలేదండి."

"సరే." వరండాలో ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. "మీ ఆయనకి తెలుసా ఇది?"

ఆమె కొంగు మొన వేలికి చుట్టుకుంది.

"తెలియదు కదా. మరి తెలియాల్సిన అవసరమేముంది? కాపురం కూల్చుకుంటావా? నేను ఎవరికీ చెప్పనులే అమ్మాయ్. మనిద్దరి మధ్యే ఉంటుంది." నవ్వి, జామపండొకటి తీసి చేతిలో పెట్టాడు.

మనిద్దరి మధ్యే. ఆ మాట ఆమె ఒంటి మీద జిగురులా అంటుకుంది. స్టేషను దాకా నడుస్తూ చెయ్యి కొంగుకి రుద్దుతూనే ఉంది. జామపండు మురిక్కాలవలో పడేసింది.

ఆయన నోటెంట విన్న పేరు రేపల్లె రంగనాయకులు. రిటైరయిన సైన్సు మాస్టారు. బసవేశ్వరరావు ఒక వ్యాసం రాస్తే ఈయన కరపత్రం అచ్చు వేయించేవాడు, ఆయన సభ పెడితే ఈయన పోటీ సభ పెట్టేవాడు. చెప్పేది నిజమే. టీకా గురించి ఈయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ శుక్రవారమే కొండమ్మ ఆశగా అక్కడికి వెళ్లింది, నిజం తెలిసినవాడికి నిజం చెబితే నర్సమ్మని కాపాడతాడని.

చెప్పడం పూర్తయ్యేసరికి మాస్టారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"దొరికాడు! దొరికాడురా బసవేశ్వరరావు! అమ్మాయ్, నువ్వు ఎల్లుండి ఆదివారం తెనాలి సభకి రావాలి. స్టేజీ మీద నిలబెడతాను. ఇదే మాట మైకులో చెప్పాలి. ఫొటోగ్రాఫరుని పిలిపిస్తాను."

"మరి నర్సమ్మ..."

"ఆమె సంగతి తర్వాత చూద్దాం. ముందు వీణ్ని పాతెయ్యాలి. నీకు బుద్ధి లేక చేశావులే కానీ, నీలాంటి మూఢులుండబట్టే అలాంటివాళ్లు బతుకుతున్నారు. అదే నా సభలో పాయింటు. మూర్ఖత్వానికి బలైన పసివాడు! దానికి నువ్వే సజీవ సాక్ష్యం."

పసివాడి పేరేంటని ఆయన అడగలేదు. ఎన్నేళ్లని అడగలేదు. కొండమ్మ లేచి నిలబడింది.

"మా వాడి పేరు ఎజ్రా అండి," అని చెప్పి బయటికి వచ్చేసింది.

"ఆదివారం మర్చిపోకు!" అని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడాయన.

ఒకాయన ఆమె బిడ్డ శవాన్ని జెండాకి కట్టుకున్నాడు, ఇంకొకాయన ఆ జెండా లాక్కుని తన కర్రకి కట్టుకోవాలని చూస్తున్నాడు. ఒకడిది అబద్ధం, ఒకడిది నిజం, ఆ తేడా ఆమెకి తెలియక కాదు. కానీ ఆ నిజాన్ని ఆ చేతుల్లో పెట్టాలంటే ఆమెకి కంపరమెత్తింది.

ఆదివారం ఆమె తెనాలి వెళ్లలేదు. పల్లెలో గుడికి వెళ్లింది.

ఆ గుడిలో వాక్యం అయ్యాక సాక్ష్యాలకి కాసేపు విడిచిపెడతారు. జ్వరం తగ్గినవాళ్లు, దూడ దొరికినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. అందరూ స్తోత్రం అంటారు. ఆడవాళ్ల వైపు నుంచి కొండమ్మ లేచింది. మగాళ్ల వైపు ముందు చాప మీద బాబూరావు తల వంచుకుని ఉన్నాడు.

"నాకు మేలు జరగలేదు, చెప్పుకోడానికి," అంది. "మా ఎజ్రాకి నర్సమ్మగారు సూది వేయలేదు. ఆమె వచ్చిన మూడుసార్లూ నేను వాణ్ని దడెనక దాచాను. మా ఆయనకి వేయించానని అబద్ధం చెప్పాను. వాడి తొడకి కట్టింది ఉత్త గుడ్డే. వేయిస్తే ఇంతదాకా వచ్చేది కాదని బాపట్ల డాక్టరుగారు అన్నారు. ఆ కాయితంలో ఉన్నది నేను చెప్పింది కాదు, కింద సంతకం మాత్రం నాదే. మా వాడి పేరు చెప్పి ఎవరూ తలుపులు వేసుకోవద్దు. అదొక్కటే అడుగుతున్నా."

స్తోత్రం అని ఎవరూ అనలేదు. బాబూరావు తల ఎత్తాడు. ఆమె వంక చూడలేదు. లేచి, వరసలో కూర్చున్నవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

మంగళవారం బాపట్ల ఆఫీసులో ఎంక్వైరీ. గుమాస్తా తెల్లకాయితం ముందుకి తోశాడు.

"సంతకం పెట్టి వెళ్లమ్మా, మేం రాసుకుంటాం."

"రాయండి. చదవండి. అప్పుడు పెడతాను."

"అబ్బో, కలెక్టరమ్మ! నాకేం వేరే పని లేదనుకున్నావా?"

"మీకుందో లేదో నాకు తెలియదండి. నేను మాత్రం సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

విసుక్కుంటూ రాశాడు. రెండుసార్లు చదివించుకుంది. ఒకచోట "పొరపాటున" అని రాస్తే, "పొరపాటు కాదు, కావాలనే దాచాను, అట్లా రాయండి," అని దిద్దించింది. బయట బల్ల మీద ప్రేమకుమారి కూర్చుని ఉంది. కొండమ్మ ఆమె ముందు ఆగింది.

"చెప్పానమ్మగారూ."

"విన్నాను." ఆమె బల్ల మీద నుంచి లేవలేదు. "నాకింకా కోపం పోలేదు కొండమ్మా. పోతుందో లేదో కూడా తెలీదు. మీవాడికి మాత్రం ప్రార్థన చేసుకుంటున్నా."

నెలకి ఆమెని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. తానే అడిగి అడవులదీవి వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది.

బాబూరావు ఆ నెలంతా ఇంట్లో తిన్నాడు, పడుకున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. గొంతు పెద్దగా ఉండే మనిషి ఊరుకుంటే ఆ ఇల్లు బావిలా ఉంటుంది. కొండమ్మ కూడా ఏమీ అడగలేదు. అడిగే మొహం లేదు.

ఒక మధ్యాహ్నం ప్రజాశంఖం జీపు మళ్లీ వచ్చింది. ఈసారి బసవేశ్వరరావు తానే దిగాడు. కొండమ్మ గడపలో ఉంది, ఆయన ఆమె వైపే చూడలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి బాబూరావు భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. నీ ఇంటిదాన్ని వాళ్లు బెదిరించి పలికించారు. అంతా ఒక పథకం ప్రకారం జరిగింది. నువ్వొక్కడివే నిజం నిలబెట్టాలి. ఇక్కడో సంతకం పెట్టు."

తెల్లకాయితమే. కలం మూత కూడా తీసి ఇచ్చాడు.

బాబూరావు కలం తీసుకున్నాడు. అతనికి తన మీద ఎంత కోపముందో ఆమెకి తెలుసు. ఆ కోపం తీర్చుకోడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఒక్క గీత గీస్తే చాలు, ఆమె అబద్ధాలకోరు, ప్రేమకుమారి మళ్లీ హంతకురాలు.

"ఏమే," అన్నాడు. నెల తర్వాత మొదటి మాట. "ఇటు రా. ఈయన ముందు చెప్పు. సూది వేయించావా, లేదా?"

"లేదు."

"ఎందుకు?"

"ఈ అయ్య మాట విని."

బాబూరావు బసవేశ్వరరావు మొహంలోకి చూశాడు. "తమరు చెప్పారా అండి, వేయించొద్దని?"

"నేను జనాన్ని ఆలోచించమన్నాను తమ్ముడూ, అంతే. ఎవరినీ..."

"చెప్పారా అని."

బాబూరావు కలానికి మూత పెట్టి ఆయన తెల్లచొక్కా జేబులో దోపాడు. "మా ఆడది నాకు అబద్ధం చెప్పింది. అది నాకూ దానికీ. మీ కాయితానికెందుకు? వెళ్లండి."

జీపు ఊరు దాటిందో లేదో రోడ్డు మీద మైకు మొదలైంది. మొదట బరబరమని, తర్వాత స్పష్టంగా. ప్రజలారా, ఎజ్రా తల్లిదండ్రులిద్దరి నోళ్లూ నొక్కేశారు, ఈ కుట్ర ఎంత లోతుదో చూడండి, సాయంత్రం కర్లపాలెం సెంటరుకి తరలిరండి. మెత్తటి గొంతు. తన బిడ్డ పేరు అట్లా పొలాల మీదుగా పోతుంటే బాబూరావు వాకిట్లోకి వచ్చి కాండ్రించి ఉమ్మాడు. తర్వాత మంచం మీద కూర్చున్నాడు. మైకు వినపడనంత దూరం పోయేదాకా ఆగాడు.

"ఎజ్రా బతికుంటే," అన్నాడు, "ఎప్పటికైనా చెప్పేదానివా నాకు?"

అవునని చెబితే ఇంట్లో మళ్లీ మాటలు మొదలవుతాయని ఆమెకి తెలుసు. చెప్పడం కూడా కష్టం కాదు. కొండమ్మ గడప మీదే ఉండి, అతని కళ్లలోకి చూసింది.

"చెప్పేదాన్ని కాదు," అంది.

అతను తల ఊపాడు. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. మంచం మీద కొంచెం పక్కకి జరిగాడు. కొండమ్మ వెళ్లి ఆ ఖాళీలో కూర్చుంది.